చెరువు నిలబడ్డ పూట

పొద్దుటి షిఫ్టు బస్సు శామీర్‌పేట చెరువు దగ్గరికి రాగానే డ్రైవర్ రవీందర్ బండి ఆపి, ఇంజను బంద్ చేసి, అద్దంలో మీసం సవరించుకుంటాడు. వెనక సీట్లవాళ్లు టిఫిన్ డబ్బాలు విప్పుతారు. ఒకరిద్దరు కునుకు తీస్తారు. బస్సు ముందు పాల వ్యాను, దాని ముందు కూరగాయల ఆటో, అన్నీ రైల్వే గేటు పడ్డట్టు బుద్ధిగా ఆగి ఉంటాయి. అది చెరువు లేచి నిలబడే వేళ.

సూర్యుడు అవతలి గుట్టల మీదికి ఎక్కగానే నీళ్లన్నీ ఒక్కసారిగా, కానీ ఏ తొందరా లేకుండా లేస్తాయి. చుక్క కింద పడదు. చప్పుడు ఉండదు. రోడ్డు పక్కన ఈ చివర నుంచి ఆ చివరికి నీళ్ల గోడ నిలబడుతుంది. దాని వెనక నుంచి ఎండ కొడుతుంటే లోపల రవ్వ చేపలు, బొచ్చె చేపలు, అడుగున కొర్రమీనులు ఎవరి దారిన అవి తిరుగుతూ కనిపిస్తాయి. కాసేపు అలా నిలబడి చెరువు మళ్లీ తన చోట తాను పడుకుంటుంది. బండ్లు కదులుతాయి. అది ఎందుకు లేస్తుందో ఎవరూ అడగరు. పొద్దున్నే మనిషి ఎందుకు లేస్తాడని అడుగుతామా?

కట్టుబాటు మాత్రం ఒకటుంది. చెరువు నిలబడి ఉన్నంతసేపు ఎవరూ వల ముట్టరు, దాని ముందు నుంచి బండి తోలరు. చేపలు చేతికందే ఎత్తులో ముక్కు ముందే తిరుగుతున్నా సరే. కొత్తగా విల్లా కొనుక్కుని వచ్చిన ఒకాయన, రోడ్డు పక్కన చేపలమ్మే యాదవ్వను అడగనే అడిగాడు, ఇంత సులువుగా దొరుకుతుంటే ఎండలో తెప్పలేసుకుని తిరగడం ఎందుకమ్మా అని. యాదవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది.

"నిలవడ్డ మనిషి మీద చెయ్యేస్తరా సారూ? పండుకున్నంక అడిగి తీస్కుంటం."

యాదవ్వ మనవరాలు రోజారాణి ఆ షిఫ్టు బస్సులోనే పోతుంది. ఎప్పుడూ చెరువువైపు కిటికీ సీటే. తుర్కపల్లి దగ్గర ఇంజక్షన్ మందులు తయారుచేసే కంపెనీలో ఆమె పని సీసాలు చూడడం. వినడానికి సులువుగా ఉంటుంది. ఎదురుగా ఒక దీపం, దాని వెనక సగం నల్లపలక, సగం తెల్లపలక. వేలెడంత గాజు సీసాను అందుకుని, ఒక్కసారి తిప్పి, దీపానికి పెట్టి చూడాలి. మందు లోపల తిరుగుతుంటే తెల్ల నలుసు నల్లపలక ముందు కనబడుతుంది, నల్ల నలుసు తెల్లపలక ముందు కనబడుతుంది. కనబడితే ఆ సీసా పక్కనున్న ఎర్ర ట్రేలోకి పోతుంది. కనబడకపోతే ముందుకు పోతుంది. ఇందులో ఏముంది అనుకున్నవాళ్లు పూట గడవకముందే కళ్లు నలుపుకుంటూ బయటికి వచ్చేస్తారు. రోజారాణి కళ్లు మాత్రం ఆ పనికోసమే పుట్టినట్టుంటాయి. ఆ నలుసు ఏ పసిపిల్ల నరంలోకి పోతుందోనన్న భయం ఆమెను ఒక్క సీసా మీద కూడా ఏమరనివ్వదు.

చిక్కేమిటంటే, ఆ భయం కంపెనీ గేటు దగ్గర ఆగకుండా ఆమె వెంట ఇంటికి వచ్చేసింది. బియ్యంలో రాళ్లు ఏరితే ఆ పూట అన్నం ఆలస్యమే. బస్సులో కూర్చుని చెరువును కూడా సీసాలాగే చూసేది. ఎడమ పైమూల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క చేపనూ దాటుకుంటూ వచ్చేది. సగం కూడా కాకముందే చెరువు పడుకునేది. రోజారాణికి ఆ రోజంతా ఏదో వెలితిగా ఉండేది.

పరీక్షలోనూ అదే కథ. ఎంబీఏ చదవాలని ఆమెకు డిగ్రీ నాటినుంచీ ఆశ. కంపెనీలో పై అంతస్తు ఒకటుంది. ఏ మందు చేయాలి, ఏ దేశానికి పంపాలి, ఎవరిని ఏ పనిలో పెట్టాలి అనేవన్నీ అక్కడే తేలుతాయి. మెట్లకింద కూర్చుని సీసాలు చూసే రోజారాణికి ఆ మెట్లెక్కి అక్కడ కూర్చోవాలని ఉంది. అందుకు ఐసెట్ రాయాలి. రెండున్నర గంటల్లో రెండు వందల ప్రశ్నలు. ఇప్పటికి రెండుసార్లు రాసింది. చేసినవన్నీ ఒప్పే. కానీ రెండుసార్లూ సగం ప్రశ్నల ముఖమే చూడకుండా టైమైపోయింది. అర్థంకాని ప్రశ్న వస్తే అక్కడే కూలబడేది. అది తేలేదాకా తర్వాతి దాని వైపు చూసేది కాదు.

అల్వాల్‌లో ఆదివారం ఆదివారం కోచింగ్ చెప్పే ఫణిభూషణ్ సారుకు ఈ పిల్లంటే ముచ్చట, తలనొప్పి రెండూ.

"అమ్మా రోజారాణీ, ఆ ప్రశ్నకూ నీకూ ఏమన్న పాత పగలున్నయా?" అన్నాడు ఒకరోజు. "మెడ పట్టుకుని వదుల్తలేవు."

"వదలబుద్ధయితలేదు సార్."

"వదిలెయ్. ఒక్క ప్రశ్న వదిలితే ఎవ్వలు సావరు."

క్లాసంతా నవ్వింది. రోజారాణి నవ్వలేదు. ఆమె పనిచేసేచోట ఒక్కటి వదిలితే చస్తారు మరి.

ఇది మూడో ఏడు. ఇదే ఆఖరిదని ఆమెకు తెలుసు. సంక్రాంతి తర్వాత షిఫ్టు ఇన్‌చార్జి సుశీల మేడం ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. "దసరా వరకు కెమెరా మిషన్ వస్తాంది రోజా. సీసాలన్ని అదే చూస్తదంట. నీ కండ్లు మస్తు మంచియి, గని మిషన్‌కు కండ్లు గుంజుడుండదు గదా." మిషన్ వస్తే రోజారాణి పని పోయినట్టే. వాళ్ల వాడలో ఉద్యోగాలు పోయిన ఆడపిల్లలందరూ పొద్దున్నే విల్లాలకు గిన్నెలు తోమడానికి పోతున్నారు. మంచి ర్యాంకు వస్తే యూనివర్సిటీలో సీటు, లేకపోతే అవే గిన్నెలు. ప్రైవేటు కాలేజీ మాట ఆ ఇంట్లో ఎవరూ తలవను కూడా తలవలేదు.

షిఫ్టు దిగి వచ్చి సాయంత్రాలు చెరువు కట్ట మీద కూర్చుని చదివేది. పక్కన యాదవ్వ బూడిద రాసి చేపలు తోముతూ మనవరాలి మొహంలోకి చూసేది.

"గా కాయితం మీద ఎంతసేపైంది పిల్లా?"

"ఇది వస్తలేదవ్వా."

"రాకుంటె పోనియ్యరాదూ."

"ఎట్ల పోనియ్యాలె?"

"ఉడుంపట్టు! అచ్చం మీ తాతే," అని యాదవ్వ నిట్టూర్చేది. "గాలం తెగినా ఆయిన చెయ్యి వదలకపోతుండె."

ఎండాకాలం వచ్చేసరికి చెరువు బాగా తగ్గిపోయింది. పొద్దున్నే లేచేది గానీ, లేచినా మనిషి నడుమెత్తుకు మించేది కాదు. రవీందర్ బండి ఆపి ఇంజను బంద్ చేసేలోగానే పడుకునేది. పరీక్ష రోజు పొద్దున తండ్రి గండయ్య టీవీఎస్ బండి మీద రోజారాణిని ఎక్కించుకుని బయలుదేరినప్పుడూ అంతే. ఇద్దరూ చెరువు పక్కన ఆగారు. అది కాసేపు నడుమెత్తున నిలబడి పడుకుంది. తండ్రీకూతుళ్లు దేవరయాంజాల్ మీదుగా మేడ్చల్ దారి పట్టారు.

పరీక్ష మేడ్చల్ దగ్గర గుట్ట మీదున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో. రోజారాణికి మూడో అంతస్తులో, తూర్పు కిటికీ పక్కన కంప్యూటర్ వచ్చింది. మొదటి ప్రశ్నలు చకచకా అయ్యాయి. ఇంకా నిండా మొదలు కాకముందే అంకెల వరుస ఒకటి ఎదురైంది. తర్వాతి అంకె ఏది? కూడింది, తీసేసింది, హెచ్చవేసింది, వర్గాలు కట్టింది. దొరకలేదు. మళ్లీ మొదటి నుంచి పట్టుకుంది. చుట్టూ టిక్కు టిక్కుమని మౌసుల చప్పుడు. అందరూ ముందుకు పోతున్నారు. తెర మూలన టైము తరిగిపోతోంది. అది తరిగిపోవడం ఆమెకు కనిపిస్తూనే ఉంది. వదిలెయ్, వదిలెయ్ అని సారు గొంతు చెవుల్లో మోగుతూనే ఉంది. చెయ్యి మాత్రం కదలలేదు. ఈసారీ అంతే అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగి అంకెలు అలుక్కుపోయాయి.

అప్పుడు గది పచ్చబడింది.

కిటికీల నుంచి వచ్చే తెల్లటి ఎండ లేత ఆకుపచ్చగా, చల్లగా మారి బల్లల మీద పరుచుకుంది. కాపలా ఉన్న మేడం కిటికీ దగ్గరికి వెళ్లి, "ఇయ్యాల రెండోసారి లేసినట్టుంది," అని తనలో తాను అనుకున్నట్టు అని అక్కడే నిలబడిపోయింది.

రోజారాణి తల తిప్పింది. ఎక్కడి శామీర్‌పేట, ఎక్కడి మేడ్చల్! తూర్పున ఇళ్ల కప్పుల మీదుగా, తోటల మీదుగా, ఔటర్ రింగు రోడ్డు మీదుగా చెరువు నిలబడి ఉంది. ఎండాకాలపు చెరువు, ఉన్నవే కాసిన్ని నీళ్లు. ఆ కాసిన్ని నీళ్లనే చీరకొంగంత పలచగా సాగదీసుకుని, మునివేళ్ల మీద నిలబడి, ఆకాశంలోకి లేచింది. ఎంత ఎత్తు లేచిందంటే సూర్యుడు దాని వెనకే ఉన్నాడు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న చెరువే. అయినా రోజారాణి ఒళ్లు జలదరించింది. నా కోసమే వచ్చిందా అనుకుంది. అనుకోగానే, ఎంత మాట అని తనకే భయం వేసింది.

చేపల నీడలు గదిలోకి వచ్చాయి. గోడల మీద, మౌసులు పట్టుకున్న చేతుల మీద, వంగిన మెడల మీద ఈదుకుంటూ పోయాయి. పిల్లలెవరూ తలెత్తలేదు. ఒక నీడ రోజారాణి తెర మీదికి ఎడమ పక్కనుంచి వచ్చింది. అంకెల వరుస మీదుగా మెల్లగా పోసాగింది. కదిలే నలుసును వెంబడించడానికి అలవాటుపడ్డ కళ్లు దాన్ని వెంబడించాయి. ఎదురుగా వెలుగు. వెలుగులో కదిలే నీడ. ఇది తను రోజూ కూర్చునే చోటే. నల్లపలక, తెల్లపలక, దీపం, అన్నీ ఇక్కడే ఉన్నాయి.

నీడ తెర దాటిపోయింది. అలవాటుగా ఆమె కుడిచెయ్యి పక్కకు పోయింది, ఎర్ర ట్రే కోసం.

ఆ చెయ్యి గాలిలో అలాగే ఆగింది. ఇన్నేళ్లలో తను ఏ ఒక్క సీసాలోంచైనా నలుసును తీసిందా? సీసా పట్టుకుని, ఇది బాగయ్యేదాకా ఇంకోటి ముట్టనని మొండికేసిందా? అలా చేస్తే మధ్యాహ్నానికల్లా బెల్టు మీద సీసాలన్నీ ఆగిపోయేవి, సుశీల మేడం బయటికి నడిపించేది. నలుసు కనబడితే సీసాను పక్కన పెడుతుంది, అంతే. పక్కన పెట్టడమంటే వదలడం కాదు. అది కూడా చూడడమే. ఇంత తెలిసిన పని పరీక్ష గదిలోకి వచ్చేసరికి ఎలా మరిచిపోయిందో ఆమెకు అర్థం కాలేదు. నవ్వు వచ్చింది. ఏడుపూ వచ్చింది.

మళ్లీ చూడాలి అనే గుర్తు పెట్టి, తర్వాతి ప్రశ్నకు పోయింది.

ఇక ఆగలేదు. ప్రశ్నను అందుకోవడం, ఒక్కసారి తిప్పి వెలుగుకు పెట్టడం. తేటగా ఉంటే ముందుకు, నలుసుంటే పక్కకు. నీడలు తెర మీదుగా వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. ఆమె చేతులకు రోజూ ఉండే నడక వచ్చేసింది. పట్టికలు, భిన్నాలు, ఇంగ్లీషు పేరాలు, అన్నీ చేతికింది నుంచి సాగిపోయాయి. ఆఖరి ప్రశ్న తెర మీదికి వచ్చినప్పుడు ఆమె దాన్ని కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసింది. మూడేళ్లలో దాని ముఖం చూడడం అదే మొదలు. ఇంకా టైముంది. వెనక్కి వెళ్లి ట్రేలో పెట్టినవన్నీ తీసి చూసింది. కొన్ని తేటపడ్డాయి. అంకెల వరుస తేలనే లేదు. ఏదో ఒకటి నొక్కి దాన్ని సాగనంపింది.

ఆ తర్వాత ర్యాంకు రావడం, యూనివర్సిటీలో సీటు రావడం, యాదవ్వ ఆ రోజు చేపలు అమ్మకుండా వాడంతా పంచిపెట్టడం, ఇవన్నీ శామీర్‌పేటలో అందరికీ తెలిసినవే. ఆ పూట గేటు దగ్గర రోజారాణి అన్న మాట మాత్రం గండయ్య ఒక్కడే విన్నాడు.

రోజారాణి బయటికి వచ్చేసరికి నడినెత్తిన ఎండ. గేటు బయట తల్లులు, తండ్రులు, ఆటోవాళ్లు అందరూ తూర్పు వైపు తిరిగి నిలబడి ఉన్నారు. గండయ్య చెప్పులు విడిచి, కాలే నేల మీద ఒట్టికాళ్లతో నిలబడ్డాడు. పక్కనే చెట్టుకింద అరుగు ఖాళీగా ఉంది.

"గప్పటిసంది నిలవడ్డవా బాపూ? నీడకు కూసోక పోయినవా?"

"అది నిలవడితె నేనెట్ల కూసుంట బిడ్డా?" అన్నాడు గండయ్య. "అక్కడ రోడ్డు మొత్తం బండ్లు ఆగినయంట. ఫోన్లొస్తున్నయ్. ఒక్కడన్న హారన్ కొడ్తలేడంట."

రోజారాణి చెరువు వైపు చూసింది. ఎండకు ఇంకా పలచబడింది. పై అంచు ముసలి మోకాళ్లలాగా వణుకుతోంది. ఎప్పుడూ ఇంతసేపు నిలబడింది లేదు. ఎవరో చెప్పేదాకా పడుకునేలా లేదు. ఆమె ఈసారి ఎడమ మూల నుంచి మొదలుపెట్టలేదు. చెరువును చెరువులాగా, మొత్తంగా, ఒక్క చూపులో చూసింది. గుండె నిండిపోయింది. ఇంటికొచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టు, మెల్లగా అంది.

"అయిపోయింది. నా పని నేను చేసుకున్న. ఇగ కూసో."

చెరువు దిగింది. ఇళ్ల కప్పుల వెనక్కి, తోటల వెనక్కి, చుక్క ఒలకకుండా దిగిపోయింది. గేటు దగ్గర జనం కదిలారు. ఎవరి పిల్లలను వాళ్లు వెతుక్కుంటున్నారు. గండయ్య తువ్వాలతో మొహం తుడుచుకుని, మోకాళ్ల మీద చేతులు వేసుకుని, కూతురితో పాటు అరుగు మీద నెమ్మదిగా కూర్చున్నాడు.