సున్నపు చుక్క

కొబ్బరి చిప్పలో సున్నం చిక్కగా కలిపాడు రంగరాజులు. మహాలక్ష్మి కర్ర కొనకు కట్టిన గుడ్డపీలికను అందులో ముంచి, కర్ర ఆమె చేతికిచ్చాడు. తను నాలుగడుగులు వెనక్కి జరిగి, నల్ల బనియన్ సర్దుకుని నిలబడ్డాడు. గుడియాత్తం ఏటి ఇసుక మీద ఇంకా ఎండ పడలేదు. ఏడాది పొడవునా ఆ నల్ల బనియనే కాబట్టి, శబరిమల మాల ఎప్పుడు తీస్తావని వీధిలో వాళ్లు ఎగతాళి చేస్తారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

బనియన్ నల్లగా ఉండటానికి కారణముంది. శిష్యుడి కర్ర గురువు రొమ్ము మీద సున్నపు చుక్క పెట్టిన నాటితో కర్రసాము చదువు పూర్తయినట్టు. మరునాటి నుంచి అతను పాఠానికి రాకూడదు. అది రంగరాజులు గురువు పెట్టిన కట్టుబాటు.

మహాలక్ష్మి బజారులో గిన్నెల అంగడి వాళ్ల కోడలు. ముప్పై ఆరేళ్లుంటాయి. మూడేళ్ల కిందట డాక్టరు నడవమంటే ఏటి కట్ట మీద నడవడానికొచ్చింది. నడక రెండు రోజుల్లోనే విసుగెత్తి, నాకూ నేర్పిస్తారా అని అక్కడ కర్ర తిప్పుతున్న రంగరాజుల్ని అడిగింది. ఆయన ఆమె నుదుటి ఎత్తుకు కొలిచి వెదురు కోసిచ్చాడు. మొదటి నెలంతా ఆమె దెబ్బలన్నీ ఆమె కాళ్లకే తగిలాయి. ఆయన దగ్గర నేర్చుకునే తక్కినవాళ్లు రంగు బెల్టులూ సర్టిఫికెట్లూ ఇచ్చే కరాటే క్లాసులకు జారుకున్నారు. ఆమె ఒక్కతే మిగిలింది.

ఆ ఉదయం కూడా ఆమె కర్ర ఆయన రొమ్ముకు జానెడు దూరం దాకా వచ్చి పక్కకు పోయింది. రంగరాజులుకు ఎప్పటిలాగే ముందు హాయిగా, ఆ వెంటనే సిగ్గుగా అనిపించింది. కుడికాలు వేస్తున్నట్టు చూపించి ఎడమకాలు లోపలికి లాగే అడుగు ఒకటుంది. అది తెలిస్తే చుక్క పెట్టేయొచ్చు. కాలు ఇంకా కుదరలేదని సాకు చెప్పి ఆయన ఏడాదిగా దాన్ని దాచాడు. ఆమె కాలు ఎప్పుడో కుదిరింది.

కర్ర తుడుస్తూ ఆమె చెప్పింది. "ఆర్కాడులో ఇంకో అంగడి పెడతా ఉండాము వాద్యారే. రేపు పొద్దున్నే సామాన్లెత్తుతారు. సాయంత్రం ఒకసారి వచ్చి చెప్పి పోతాను."

"సరేమ్మా" అన్నాడు.

ఎనిమిదింటి బస్సుకు వేలూరు వెళ్లి, ఆస్పత్రి వీధిలో కడుతున్న లాడ్జి రెండో అంతస్తులో గోడ పూత మొదలుపెట్టాడు. పొట్టి మనిషి. మణికట్లు లావు. ఇన్నేళ్లు బరువులు మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. తాపీతో సిమెంటు విసురుతున్నా మనసు పనిలో లేదు.

భార్య పొన్నమ్మ పోయిననాటికి ఆయనకు నలభై ఒకటి. పిల్లల్లేరు. తెల్లవారితే ఇంట్లో ఉండలేక ఏటికి పోయేవాడు. అక్కడ కర్ర తిప్పే నేతపని జానకిరామన్ ఒకనాడు ఏమీ అడక్కుండా చేతికో కర్ర ఇచ్చాడు. మూడో ఏట ఆ ముసలాయన రొమ్ము మీద చుక్క పెట్టి రంగరాజులు సంబరంగా కేక వేశాడు. మర్నాడు కాళ్లు వాటంతటవే ఏటికి నడిచాయి. "నీకింక ఈడ పని లేదప్పా, ఇంటికి పో" అని జానకిరామన్ అటు తిరిగాడు. టీ అంగడి తెరిచేదాకా రంగరాజులు వీధి మొగలో నిలబడ్డాడు. అలాంటి తెల్లవారుజాము ఇంకెవరికీ రాకూడదనే ఆ అడుగు దాచానని ఇన్నాళ్లూ అనుకున్నాడు. దాచింది తనకోసమేనని ఈ రోజు గోడకు కట్టిన సారవ మీద నిలబడితే తెలిసింది.

మూడింటికి సారవ దిగాడు. సగం పూత మీద గోడ వదిలి ఆయన ఎన్నడూ పోలేదు. ఒంట్లో బాగాలేదా అని మేస్త్రీ ఉదయకుమార్ అడిగాడు. బాగానే ఉందని చెప్పి బస్సెక్కాడు.

ఆయన ఇంటికెళ్లి నల్ల బనియన్ తొడుక్కుని వచ్చేసరికి మహాలక్ష్మి ఏట్లో కర్రతో నిలబడి ఉంది. ఆయన సున్నం కలిపాడు.

"నీకు ఒక అడుగు చెప్పకుండా దాచినానమ్మా. ఇప్పుడు చూడు."

"తెలుసు వాద్యారే. పోయిన ఆడి నెలలో మీరొక్కరే ఆ అడుగు వేస్తా ఉంటే కట్ట మీద నుంచి చూసినాను. మిద్దె మీద దినామూ వేస్తా ఉండాను."

"మరి నా మీద ఎందుకు వేయలేదు?"

"చుక్క పెడితే రాకూడదు గదా. ఈ ఒక గంట తప్ప నాకంటూ ఏముండాది?"

రంగరాజులు ఆమె కర్ర కొనను సున్నంలో ముంచి ఇచ్చాడు. కర్ర ఎత్తి నిలబడ్డాడు. చేయి సడలించలేదు, ఉన్న బలమంతా పెట్టి కాచాడు. ఆమె ఎడమకాలు లోపలికొచ్చింది. ఆయన కర్ర గాలిని కొట్టింది. ఆమె కర్ర ఆయన రొమ్ము మీద వేలితో తాకినంత మెల్లగా తగిలింది.

ఆమె వంగి కాళ్లకు దండం పెట్టింది. జానకిరామన్ తనతో అన్న మాట చెప్పబోయి ఆయన ఆగిపోయాడు.

"పాఠానికే రాకూడదమ్మా. ఊరికే రావచ్చు."

ఆమె తల ఊపింది. గిన్నెల అంగడి వదిలి, రెండు బస్సులు మారి ఆమె ఊరికే రాదని ఇద్దరికీ తెలుసు. కర్ర భుజాన వేసుకుని కట్ట ఎక్కింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆయన చూశాడు. ఏడుపొచ్చింది. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి ఆపుకోలేదు.

మర్నాడు ఎప్పటి వేళకే మెలకువ వచ్చింది. సిమెంటు మరకల చొక్కా, లుంగీ ఉతికి తీగ మీద ఆరేసి, టిఫిన్ డబ్బా తీసుకుని, ఏటి వైపు చూడకుండా బస్టాండుకు నడిచాడు. ఇంట్లో మేకుకు ఉతకని నల్ల బనియన్ వేలాడుతోంది. ఎడమ రొమ్ము దగ్గర సున్నం పూర్తిగా ఆరి, నిన్నటికంటే తెల్లగా తేలింది.