నీళ్ళు కాచి ఉంచమ్మా

నేను ఒక పాతాళగరిగెను. పేరు వినగానే మీలో సగం మంది ఒకరి మొహాలొకరు చూసుకుంటారని తెలుసు. ఇంట్లో నుయ్యి ఉన్న కాలం చూసినవాళ్ళకు నన్ను పరిచయం చేయనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. ఒక ఇనుప కడియం, దానికి అన్ని దిక్కులకూ వంగి వేలాడే కొక్కేలు, పైన తాడు కట్టుకోవడానికి ఒక రింగు. నూతిలో చేద జారిపడితే నన్ను దింపి, అడుగున కవ్వంలా తిప్పుతారు. ఏదో ఒక కొక్కేనికి ఏదో ఒకటి తగులుకుంటుంది. నా చదువంతా ఇంతే.

గోదావరి కాలువల పక్కన ఒక చిన్న పట్టణంలో, పాత బండి చక్రం పట్టా కాల్చి సాగదీసి కమ్మరి నన్ను చేశాడు. చేయించుకున్నది ఇప్పుడు నేనున్న ఇంటి మంగాయమ్మకు అత్తగారు. వీధి మొత్తానికి నేనొక్కదాన్నే కాబట్టి అందరూ అడిగి పట్టుకెళ్ళేవారు. ఊరికే ఇవ్వరు. ఒక ఇత్తడి చెంబు తాకట్టు పెట్టాలి. ఆవిడ పిసినారితనం కాదది, అన్ని ఊళ్ళలోనూ ఉన్న పద్ధతే. చేద పోయినప్పుడు ప్రాణం పోయినట్టు పరిగెత్తుకొచ్చేవాళ్ళు, అది దొరికాక నన్ను నూతి గట్టు మీద ఎండకు వదిలేసి వెళ్ళిపోయేవారు మరి. సాయంత్రానికి చెంబు గుర్తొస్తేనే నేను గుర్తొచ్చేదాన్ని.

తర్వాత కుళాయిలొచ్చాయి, మోటార్లొచ్చాయి. నూతి మీద రేకు మూత పడింది. నన్ను అటక మీదికి విసిరారు. పనిలేదని ఏడ్చానని అనుకుంటున్నారేమో. లేదు. హాయిగా నిద్రపోయాను. ఆ నిద్ర చెడగొట్టినవాడు మంగాయమ్మ కొడుకు పెద్దిరాజు.

పెద్దిరాజుకు ఫైర్ స్టేషన్లో ఉద్యోగం. ఎర్ర బండెక్కి గంట కొట్టుకుంటూ మంటలార్పడమే పని అని పాపం అతనూ అనుకున్నాడు, పెళ్ళిచూపుల్లో సుభాషిణికి కూడా అదే చెప్పాడు. మా వైపు మంటల కంటే నీళ్ళు ఎక్కువ. ఎక్కడ చూసినా కాలువలు, బోదెలనే పిల్లకాలువలు, చేపల చెరువులు. స్నానానికి దిగి ఒకడు, బైకు అదుపుతప్పి ఒకడు, ఇంట్లో మాటపడి ఒకత్తె. అందరి కోసం వచ్చే ఫోను ఫైర్ స్టేషన్‌కే. స్టేషన్లో ఉన్న కొక్కెం పడవలకు పనికొచ్చేంత పెద్దది, బోదె బురదలో కూరుకుపోయేది. పెద్దిరాజు అటకెక్కి నన్ను దింపాడు. అప్పటి నుంచి నేను చేదలు తీయడం మానేశాను.

మొదటిసారి పని చేసి ఇంటికొచ్చిన రోజు మంగాయమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "శవాన్ని ముట్టుకొచ్చేవు, అలాగే లోపలికి రాకు. దాన్నీ తేకు," అంది. దాన్ని అంటే నన్ను. ఆమెను తప్పుపట్టలేను. చావింటికి వెళ్ళొచ్చిన ఎవరైనా నీళ్ళు పోసుకున్నాకే ఇంట్లోకి వస్తారు, పైగా లోపల చంటిపిల్ల పూజిత ఉంది. పెద్దిరాజు వెనక సందులోంచి పెరట్లోకి వచ్చి, స్నానాల బండ మీద తలారా పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని ఇంట్లోకెళ్ళాడు. నాకు పెరటి గోడకు ఒక మేకు కొట్టారు.

ఈ ఏర్పాటును అందరూ కలిసి ఇంకా సుఖంగా మార్చారు. స్టేషన్లో బండి నడిపే మస్తాన్ పెద్దమనిషి. పెద్దిరాజు వెచ్చటి నీళ్ళకోసం వణుకుతూ నిలబడటం చూడలేక, శవం దొరికిన రోజు ముందుగానే సుభాషిణికి ఫోన్ చేసేవాడు. శవం అనే మాట ఆడపిల్లతో ఎలా అంటాడు? "నీళ్ళు కాచి ఉంచమ్మా," అనేవాడు. అంతే. సుభాషిణి పొయ్యి ముట్టించేది. మంగాయమ్మ పూజితను ముందు గదిలో కూర్చోబెట్టి మధ్య తలుపు గడియ పెట్టేది. పెద్దిరాజు వచ్చేసరికి పెరట్లో కాగిన నీళ్ళు, మడతపెట్టిన పంచె, సబ్బు ఉండేవి. మనిషి మాత్రం ఉండేది కాదు. ఒక్కరూ చెడ్డవాళ్ళు కారు, ఒక్కరూ తప్పు చేయలేదు. కానీ చచ్చినవాళ్ళను మోసి మోసి వచ్చిన మనిషికి ఆ ఇంట్లో మొదట ఎదురయ్యేది మూసిన తలుపు. అది చూస్తూ వేలాడటం తప్ప నేను చేయగలిగింది లేదు.

స్టేషన్లో వాళ్ళదీ అదే మర్యాద. ఎవరూ ఆ సంగతి ఎత్తరు. బండి కడుగుతారు, టీ తాగుతారు, క్రికెట్ గురించి పోట్లాడుకుంటారు. ఒకడు మౌనంగా ఉంటే ఇంకొకడు బిస్కెట్ పొట్లం ముందుకు తోస్తాడు. ప్రేమ లేక కాదు, దాన్ని ఎటునుంచి మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు.

ఆ కుర్రాడి సంగతికి వస్తాను. రావాలని లేదు గానీ తప్పదు.

బడి వదిలాక కాలువ మెట్ల మీద పలక కడుక్కోబోయి జారాడు. అప్పటికి పూజిత కూడా బడికెళ్తోంది, దాని వయసువాడే. గట్టు మీద ఊరంతా ఉంది, సగం చేతుల్లో ఫోన్లున్నాయి. పెద్దిరాజు నన్ను దింపాడు. కాసేపటికి నా కొక్కెం ఒకటి బడిసంచీ పట్టీకి తగులుకుంది. తాడు పట్టుకున్నవాడికి అడుగున ఉన్నది కొమ్మో, బురదో, మనిషో చేతికి తెలిసిపోతుంది. పెద్దిరాజుకు తెలిసింది. "లాగండి, లాగండి," అని గట్టు మీంచి కేకలు. అతను లాగలేదు. తాడు మస్తాన్ చేతికిచ్చి, చొక్కా కూడా విప్పకుండా నీళ్ళలోకి దిగిపోయాడు. నా కొక్కేన్ని పట్టీలోంచి తనే విడిపించాడు. పిల్లవాణ్ణి రెండు చేతుల మీద పైకి తెచ్చాడు. తెచ్చి, గట్టు మీద కూర్చుని, ఎవరికీ ఇవ్వలేదు. మస్తాన్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగితే అప్పుడిచ్చాడు.

ఆ రోజు పెరట్లో కాచిన నీళ్ళు అయిపోయాయి, తొట్టిలో చన్నీళ్ళు అయిపోయాయి, అయినా అతను బండ మీంచి లేవలేదు. లోపల తలుపు అవతల పూజిత "నాన్న వచ్చేడా?" అని అడుగుతూనే ఉంది.

అప్పటి నుంచి అతను కూతుర్ని ఎత్తుకోలేదు. చెయ్యి నొప్పి అన్నాడు మొదట. తర్వాత ఆ మాటా అనకుండా, పిల్ల దగ్గరికొస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేవాడు. శవం దొరకని రోజుల్లో కూడా వెనక సందులోంచే వచ్చేవాడు. పెరటి వసారాలో నులకమంచం వేసుకున్నాడు. అన్నం అక్కడికే. ఆ అన్నం కూడా చెంచాతో తినేవాడు. మంగాయమ్మ గాలి సోకిందని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది, మెడలో తాయెత్తు కట్టించింది. ఆఫీసరుగారు సెలవిచ్చి ఇంటిపట్టున ఉండమన్నాడు, అంటే ఆ వసారాలోనే ఉండమన్నట్టయింది. పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి మస్తాన్ తీసుకెళ్ళాడు. డాక్టరు మంచివాడే, ఓపిగ్గా అడిగాడట. ప్రతి ప్రశ్నకూ ఇతను "బాగానే ఉన్నానండి" అని వచ్చాడు. మనుషులు ఆడే అబద్ధాలన్నిటిలోకీ ఇది బాగా అరిగిపోయింది, అయినా చెల్లుతూనే ఉంటుంది.

"ఉద్యోగం మానేస్తాను, అన్నా," అన్నాడొకరోజు మస్తాన్‌తో, మంచం మీద కూర్చుని.

మస్తాన్ జవాబు చెప్పేలోపు సుభాషిణి గడప దగ్గర్నుంచి అంది. "మానెయ్యండి. నాకేం బాధ లేదు. రొయ్యల షెడ్డులో పని చేసైనా ఇల్లు నడుపుతాను. మనిషి మాత్రం ఇంట్లోకి రావాలి. ఇలా ఎన్నాళ్ళండీ, మీరక్కడ, మేమిక్కడ?"

అతను నేల చూశాడు. మస్తాన్ లేచి, నా తాడు ముడి విప్పి మళ్ళీ కట్టి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం వెళ్ళడం ఏదో ఆలోచించుకుంటూ వెళ్ళాడని నాకు తర్వాత తెలిసింది.

ముందే చెబుతున్నాను, ఇక్కడి నుంచి అంతా చక్కబడిపోయిందని అనుకోకండి. పెద్దిరాజు మళ్ళీ డ్యూటీలో చేరాడు, మళ్ళీ చెడ్డ రోజులొచ్చాయి, ఇప్పటికీ వసారా మంచం పూర్తిగా ఎత్తేయలేదు. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు, ఈసారి సుభాషిణిని కూడా తీసుకెళ్ళాడు. స్టేషన్‌కు కొత్త సామాను వచ్చాక నన్ను వాడటం పూర్తిగా మానేశారు. ఫోన్లు మాత్రం ఇంకా వస్తాయి, మస్తాన్ అదే మాట అంటాడు, పొయ్యి మీద నీళ్ళు కాగుతాయి. కానీ అవి చాలాసార్లు చల్లారిపోయి, మళ్ళీ కాచాల్సి వస్తోంది. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

మస్తాన్ అలా వెళ్ళిన మర్నాటి మధ్యాహ్నం పెద్దిరాజు బండ మీద కూర్చుని ఇటుక పొడితో నా తుప్పు తోముతున్నాడు. నాకు తుప్పు పట్టలేదు. అతనికి చేతులు ఊరికే ఉంచుకోవడం రావడం లేదు. వెనక సందులో, తలుపు అవతల ఒకామె వచ్చి నిలబడింది. పాతిక ముప్పై ఏళ్ళుంటాయి. తలకు నూనె లేదు.

"పెద్దిరాజు గారిల్లు ఇదేనాండీ? మస్తాన్ గారు చెప్పేరు."

మంగాయమ్మ వంటింటి మెట్టు మీదికొచ్చింది. "ఎవరమ్మా?"

"వీరవేణి అంటారండి. కాలవలో పోయినోడు మా చంటోడండి. నెల తిరగలేదు, ఇంకా మైలేనండి, నేను లోపలికి రానండి. బాబుగార్ని ఒక్క మాట అడిగి ఎల్లిపోతాను."

మంగాయమ్మ చెయ్యి వెంటనే వెనకనున్న పూజిత మీదికి వెళ్ళింది. మైలలో ఉన్న మనిషి మరొకరి గుమ్మం దాకా రాకూడదు. అయినా పొమ్మనలేదు. పెద్దిరాజు లేచి నిలబడ్డాడు. తోముతున్న చేతులు అలాగే వెనక్కి పెట్టుకున్నాడు.

వీరవేణి అతన్ని చూడలేదు. బండ మీదున్న నన్ను చూసింది. నన్ను అంతసేపు చూసినవాళ్ళు ఎవరూ లేరు.

"దీంతోనేనాండీ తీసేరు?"

పెద్దిరాజు తలూపాడు.

"మా పేటలో అంటన్నారండి, కొక్కేలు ఒంట్లో దిగిపోయాయని. నన్ను మొకం ఒక్కటే చూడనిచ్చేరు, మిగతాదంతా గుడ్డ కప్పేసేరు. నాకు నిద్రట్టట్లేదు బాబూ. ఆడికి చిన్న ముల్లు గుచ్చుకున్నా ఓర్చుకోలేడు. నిజం చెప్పండి. నేనేం అనను."

నాకు నోరుంటే ఆ క్షణాన చెప్పి ఉండేదాన్ని. ఒంటికి తగల్లేదు తల్లీ, గోరంత గీత కూడా పడలేదు, నా కొక్కేలు ఏం పట్టుకున్నాయో నాకంటే ఎవరికి తెలుసు? కానీ ఆ మాట చెప్పగలిగిన మనిషి ఇంకొక్కడే ఉన్నాడు, అతను ఇన్నాళ్ళుగా ఎవరికీ ఏమీ చెప్పలేదు. సుభాషిణి చేతిలో గిన్నె పట్టుకుని వచ్చి అలాగే ఆగిపోయింది.

"లేదమ్మా," అన్నాడు పెద్దిరాజు. "సంచీ పట్టీకి తగులుకుంది. బాబుకి తగల్లేదు. బాబని చేతికి తెలిసేక ఇంక తాడు లాగలేదు. నేనే దిగేను. చేతుల మీద తెచ్చేను."

"చేతుల మీదేనా?"

"అవునమ్మా."

"ఎలాగండీ?"

అతను వెనకున్న చేతులు ముందుకు తీశాడు. ఇటుక పొడి, తడి. ఎడమ చెయ్యి మడిచాడు, కుడి చెయ్యి కిందగా చాపాడు. "ఇలాగమ్మా. తల ఇక్కడుంది. కాళ్ళు ఇటు. గట్టెక్కేక కూడా కింద పెట్టలేదు."

వీరవేణి రానన్న మాట మరిచిపోయింది. సందు తలుపు తోసుకుని వచ్చి, అతను చూపించిన చోట, ఆ మోచేతి మడతలో, తన మొహం పెట్టుకుంది. పైకి ఏడవలేదు. భుజాలు కదిలాయంతే. పెద్దిరాజు చేతులు తీయలేదు. అతను కూడా ఏడ్చాడు, నోరు తెరుచుకుని, చిన్నపిల్లాడిలా. నేను ఆ బండ మీద పడి ఉండి, ఇంతమందిని తీసిన ఇనుమునై కూడా తట్టుకోలేకపోయాను.

కాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "చల్లగా ఉండండి బాబూ," అని, మంగాయమ్మ వైపు తిరిగి "తప్పుగా అనుకోకండి అమ్మగారూ, వచ్చేసేను లోపలికి," అంది. సందు తలుపు తనే దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

పెద్దిరాజు చేతులు ఇంకా అలాగే ఉన్నాయి. దించడం ఎలాగో మరిచిపోయినవాడిలా నిలబడ్డాడు.

మంగాయమ్మ మెట్లు దిగింది. ఆ పెరట్లో, ఆ బండ దగ్గరికి, అతను నీళ్ళు పోసుకోకముందు ఆమె రావడం అదే మొదలు. చంకలో పూజిత ఉంది.

"అమ్మా, రాకు. ఇప్పుడే ఆవిడ ముట్టుకుంది. ఇంకా నీళ్ళు పోసుకోలేదు."

"తెలుసులేరా," అంది మంగాయమ్మ. "ఇన్నాళ్ళూ నీళ్ళే పోయించేను నీ చేత. పట్టుకో."

అడిగి కాదు, చెప్పి కాదు, పిల్లను తెచ్చి ఆ చేతుల్లో పెట్టేసింది. పెద్దిరాజు ఒళ్ళంతా బిగుసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ చేతులకు ఆ బరువు తెలుసు, అంతే బరువు, అదే పొడుగు. పూజితకు ఇవేమీ పట్టలేదు. నాన్న దొరికాడు. జారిపోకుండా చొక్కా పట్టుకుంది, ఇటుక పొడి అంటిందని చెయ్యి విదిలించింది, కాళ్ళు రెండూ ఆడిస్తూ అతని డొక్కలో ఒక తన్ను తన్నింది.

పెద్దిరాజు కళ్ళు తెరిచాడు.

"కదులుతోందమ్మా," అన్నాడు.