బూటెక్కని కాలు

బూటు ఎక్కడం లేదు. పైడిరాజు స్కూలు అరుగు మీద కూర్చుని, మడమ వెనక వేలు దోపి, ఊపిరి బిగబట్టి లాగుతున్నాడు. మూడు నెలల కిందట మాస్టారు ఇచ్చినప్పుడు ఇదే బూటు వదులైతే, ముందు గుడ్డపీలిక కుక్కుకున్నాడు.

"మావా, పెళ్ళికొడుకు ముస్తాబేటి అది? బేగి రా!" వరసలోంచి సన్యాసి అరిచాడు. జనం నవ్వారు.

"వానకి బూటు ముడుసుకుపోనాదిరా," అన్నాడు పైడిరాజు, తనూ నవ్వుతూ.

వాన పడి నెల దాటింది. మాస్టారు సూర్యప్రకాష్ చూపు అతని చీలమండ మీద ఆగిపోయింది. వేలితో నొక్కితే గుంటపడి అలాగే నిలిచేట్టుంది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ వాపేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మైదానంలో ఇరవై మీటర్ల ఎడంలో రెండు సున్నపు గీతలు. స్పీకరు కూత పెట్టినప్పుడల్లా ఈ గీత నుంచి ఆ గీతకి చేరాలి. పోనుపోను కూతలు దగ్గరవుతాయి. అందుకోలేనివాడు ఆగిపోతాడు. అంతే పరీక్ష. సూర్యప్రకాష్ టెక్కలి డిగ్రీ కాలేజీలో వ్యాయామవిద్య లెక్చరరు. కొబ్బరి, జీడితోటల్లో కష్టం చేసుకునేవాళ్ళకి మూడు నెలలు కసరత్తు నేర్పితే దమ్ము పెరుగుతుందా అన్నది అతని పీహెచ్‌డీ. ఇవాళ ఆఖరి పరుగు. ఇదయితే డాక్టరేటు, ఆ వెనకే ఉద్యోగం పర్మినెంటు.

అతను అరుగు దగ్గరికొచ్చాడు. "ఆసుపత్రిలో ఎప్పుడైనా చూపించుకున్నావా పైడిరాజూ?"

జవాబు పైడిరాజు భార్య గౌరి చెప్పింది. "నెలనెలా పలాస ఎల్లీవోడే బాబూ. మీ మొదటి పరీచ్చ అయిన కాణ్ణుంచీ మానేసినాడు."

"నెలనెలానా? జబ్బేమైనా ఉందా అని అడిగితే లేదన్నాడే!"

"ఉందంతే పరిగెట్టనిత్తారేటి? జబ్బు ఇంకా మొదట్లోనే ఉంది, మాత్తర్లు మానకు అన్నారు డాట్రుబాబు. మీ కాడ అందరికన్నా ఎక్కువ పరిగెట్టినాడు గదా. కిడ్నీ బాగైపోనాదని మాత్తర్లు అటక మీద పడేసినాడు."

"బాగవనోడు అంతసేపు పరిగెడతాడేటే?" పైడిరాజు కసిరాడు. "మాస్టారే సూసినారు. సప్పట్లు కూడా కొట్టినారు."

కొట్టిన మాట నిజం.

మొదట్లో ఏడుగురే వచ్చారు. జబ్బు మీద పరిశోధనంటూ ఎన్నో బళ్ళు వచ్చి, నెత్తురు పట్టుకుపోయి, ఏం తేలిందో చెప్పడానికి తిరిగి రాని ఊరు అది. మూడోనాడు బుచ్చమ్మ అనే పెద్దావిడ గోడ దగ్గర నిలబడి పదిమందికీ చెప్పింది. "ఓలమ్మ, ఇది కిడ్నీ పరీచ్చంట. ఆకరి కూతదాకా పరిగెట్టినోడికి కిడ్నీ బాగున్నట్టే. సూదీ నేదు, నెత్తురూ నేదు." సూర్యప్రకాష్ విన్నాడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో విజిల్ పెట్టుకున్నాడు. మర్నాటికి మైదానం నిండిపోయింది.

నిజానికి రక్తపరీక్ష చూశాకే పరిగెత్తించాలి. గైడు వేంకటాచలం గారే వద్దన్నారు. "అడిగి రాసుకుంటే చాలయ్యా. ఇంతమందికి రక్తం తీయిస్తే అది థీసిస్ కాదు, పెళ్ళి ఖర్చు."

కాలేజీలో ఏటేటా అతను బోర్డు మీద రాసే పాఠం ఒకటుంది. నేర్చుకోవడానికి మూడు రంగాలు: జ్ఞానాత్మకం, మానసిక చలనాత్మకం, భావావేశం. తలకెక్కేది, ఒంటికెక్కేది, మనసుకెక్కేది అని విడమరిచేవాడు. మూడోదాని మీద ప్రశ్న రాదని పిల్లలు వదిలేసేవారు, తనూ గబగబా దాటించేసేవాడు. పైడిరాజు ఒంటికి పరుగు ఎక్కింది. తలకి మాత్రం మాస్టారు చెప్పని పాఠం ఎక్కింది. చెప్పలేదు, సరే. దిద్దనూ లేదు.

ఫోను మోగింది. గైడే.

"అయిందా?"

"ఒకతని కాళ్ళు వాచాయి సార్."

"తీసెయ్. ఊళ్ళో లేడని రాసుకో. మిగతావాళ్ళని కానివ్వు."

"మిగతావాళ్ళూ ఇది కిడ్నీ పరీక్షే అనుకుంటున్నారు సార్."

"నువ్వు చెప్పావా అలాగని?"

"చెప్పలేదు సార్."

"మరింకేం!"

వరస కేసి చూశాడు సూర్యప్రకాష్. కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్ళు. ఒకడు మోకాళ్ళు వంచి సాగదీస్తున్నాడు, తను నేర్పినట్టే. వీళ్ళలో ఇంకెందరి మాత్రలు అటకెక్కాయో!

"కానివ్వను సార్," అని ఫోను పెట్టేశాడు. స్పీకరు తీగ పీకేశాడు.

"ఇది కిడ్నీ పరీక్ష కాదు," అన్నాడు. వెనకవాళ్ళకి వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "దమ్ము పరీక్ష. ఎంత పరిగెత్తినా కిడ్నీ సంగతి దీంట్లో తెలీదు. మీరలా అనుకుంటున్నారని నాకు ముందే తెలుసు. చెబితే రారని ఊరుకున్నాను."

వరస చివర నుంచి బుచ్చమ్మ మెల్లగా ముందుకొచ్చింది.

"గడపగడపకీ ఎల్లి సెప్పినాను గదా బాబూ," అంది. "నాను గోడకాడ సెప్తన్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు గదా."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"పలాస ఎల్దాం, నెగు," గౌరి మొగుడి చెయ్యి పట్టి లేపబోయింది. "ఇప్పుడే బస్సుంది."

"ఆగే!" పైడిరాజు చెయ్యి విదిలించుకుని సూర్యప్రకాష్ కేసి తిరిగాడు. మొహంలో నవ్వు లేదు. "బూటెక్కనేదని తప్పించేత్తన్నారా మాస్టారూ? పరిగెట్టకుండానే పెయిలా?"

"పెయిలు కాదు పైడిరాజూ, నా మాట విను..."

"ఆనాడూ మీ మాటే విన్నాను."

బూటు అక్కడే వదిలేసి, వట్టి కాళ్ళతో పోయి గీత మీద నిలబడ్డాడు.

"కూత పెట్టండి."

"పెట్టను."

పైడిరాజు పరిగెత్తాడు. వాచిన పాదాలు ఇసుకనేలని దబదబా కొడుతుంటే, వరసలోవాళ్ళు దారిచ్చి నిలబడ్డారు. ఈసారి సన్యాసి కూడా కేకెయ్యలేదు. గౌరి వంగి బూటు తీసి చంకలో పెట్టుకుంది.

పైడిరాజు అవతలి గీత తొక్కి ఇటు తిరిగాడు. రొప్పుతూ, మెడ చాచి, రెండో కూత కోసం చెవి ఒగ్గి నిలబడ్డాడు.