తూదా పొట్టేలు

మా ఖర్జూర తోటల్లో గొర్రెల పెంపకం ఆడవాళ్ల పని. ఇంటి వెనక దొడ్డిలో నాలుగో ఐదో, అంతకుమించి ఉండవు. మావి ద్మాన్ జాతి. ఆడదానికీ మగదానికీ కొమ్ములుండవు, ఈతకు రెండు మూడు పిల్లలు. నా గొర్రెలు మా అత్తగారి తల్లి నాటి సంతతి. ఆ మాట వినని మనిషి మా ఊళ్లో లేదు. నేనే చెప్పి చెప్పి విసిగించాను.

ఎదకొచ్చిన గొర్రెను ఎవరు తోలుకొచ్చినా పొట్టేలున్నవాళ్లు కాదనకూడదు, ఏమీ పుచ్చుకోకూడదు. అది కట్టుబాటు. భర్త పోయి, పిల్లాజెల్లా లేని తూదా గడప ఎవరైనా తొక్కారంటే ఆమె పొట్టేలు కోసమే. నిరుడు ఖర్జూరాలు కోసే రోజుల్లో నేనూ రెండు గొర్రెల్ని అక్కడికే తోలాను. మా ఆయన హమ్మాదీ ఒక పొట్టేలును సంతలో కొన్నాడుగానీ, అప్పటికి అది ఇంకా లేతది. దానివల్ల ఏమవుతుందిలే అని గొర్రెలతోనే వదిలేశాను.

ఎండలు ముదరకముందే మొదటి గొర్రె మూడు పిల్లల్ని ఈనింది. వారానికి మగపిల్ల తల తడిమితే రెండు గట్టి బుడిపెలు తగిలాయి. కొమ్ములు! ఒళ్లు మండిపోయింది. నేరుగా కాలవ దగ్గరికి పోయాను. పదిమంది ఆడవాళ్లు ఉన్ని ఉతుకుతున్నారు. వాళ్లలో తూదా ఉంది.

“ఏం తూదక్కా, నీ పొట్టేలు ఏ కొండమేకకి పుట్టింది? నా సంతతంతా సంకరం చేసిపెట్టావు!”

కొందరు కిసుక్కున నవ్వారు. తూదా తడి ఉన్ని బుట్టలో వేసుకుని వెళ్లిపోయింది.

మూడోరోజు ఆమె ఇంటినుంచి గిన్నెడు మాంసం వచ్చింది. పొట్టేలును కోసి ఇంటింటికీ పంచిందట. గోధుమరవ్వ కుస్కుస్‌లోకి వండాను. మెత్తగా ఉందని హమ్మాదీ మారు వడ్డించుకున్నాడు. నేనూ తిన్నాను.

ఇరవై రోజులకు మా కుంటి గొర్రె ఈనింది. కాలు విరిగాక ఏడాదిగా గడప దాటని గొర్రె. దాని పిల్లకీ అవే బుడిపెలు! దొడ్డిలో ఉన్న మగది ఒక్కటే, మా ఆయన కొన్నది. అక్కడే పెంటలో కూలబడిపోయాను. ఏ తప్పూ లేని తూదా పొట్టేలును కోయించి, దాని మాంసం తిన్నాను. సిగ్గుతో నాలుగు రోజులు బయటికి రాలేదు.

ఐదోరోజు దొడ్డిలోకెల్లా మంచి గొర్రెను తోలుకుని తూదా ఇంటికి వెళ్లాను.

“అక్కా, తప్పు నాది. కల్తీది మా పొట్టేలే.”

“తెలుసులే,” అంది తూదా, టీ పోస్తూ. “నీ మొగుడు కొనుక్కొచ్చిన రోజే దాని తల నిమిరి చూశా. ఉన్ని కింద బుడిపెలు తగిలాయి.”

“మరి ఆ మాట నా మొహాన అనొచ్చుగా! నీదాన్ని ఎందుకు కోశావు?”

“పదిమందిలో అంత మాట అన్నాక దాని దగ్గరికి గొర్రెను తోలేదెవరే? ఊరికే మేపుకుంటూ కూచోనా?”

గొర్రె తాడు చేతికివ్వబోయాను. తీసుకోలేదు.

“ఇదెందుకు నాకు? ఇక్కడ చెబితే వినేది గోడలే. అన్నచోటే చెప్పు, చాలు.”

మర్నాడు పొద్దున దారంతా మాటలు కూడబలుక్కుంటూ కాలవకు వెళ్లాను. అందరూ ఉన్నారు, తూదా కూడా.

“రావమ్మా, జాతిగొర్రెల రాణీ! కొండమేక సంతానం ఎట్లా ఉంది?” అంది ఒకామె.

నోరు తెరిచాను.

“ఏముంది, పొడవడం నేర్చుకుంటోంది,” అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. తూదా తలెత్తలేదు. తను కూర్చున్న బండమీద కాస్త జరిగి నాకు చోటిచ్చింది.

చెప్పాల్సింది చెప్పకుండానే కూర్చున్నాను.