గురువారం బోర్డు

వెండెల్ కొట్టు మీద బోర్డు మార్చాలని మార్చి నెలలో ప్రభుత్వ భాషా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రంపాలకూ, కత్తులకూ, స్కేట్లకూ పదును పెట్టే ఆ కొట్టు మీద నలభై ఏళ్లుగా ఉన్నది ఒక్క ఇంగ్లీషు ముక్క. కెనడాలో ఫ్రెంచివాళ్ల రాష్ట్రమైన క్యూబెక్‌లో కొట్టు పేరు ఫ్రెంచిలో ఉండాలి కదా, ఆరు నెలల్లో సరిచేసుకోమన్నారు. వెండెల్ ఆ ఉత్తరం పట్టుకుని రోడ్డు దాటి తిన్నగా సోలాంజ్ ఇంటికి వచ్చాడు.

అందులో వింతేమీ లేదు. సోలాంజ్ ముప్పై ఒక్క ఏళ్లు మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాగా చేసింది. ఆమె రిటైరయింది గానీ ఆమె ఎర్ర పెన్సిల్ ఇంకా కాలేదు. ఎవరి పెళ్లి పిలుపు వచ్చినా ముందు తప్పులు దిద్ది, తర్వాతే సంతోషించేది. వెండెల్ ఇంగ్లీషువాళ్ల బిడ్డ. ఆమె ఫ్రెంచిలో అడుగుతుంది, అతను ఇంగ్లీషులో జవాబిస్తాడు. ఆ ఊళ్లో ఇరుగుపొరుగు మాటలు అలాగే నడుస్తాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. రాతకొచ్చేసరికి మాత్రం అతనికి ఫ్రెంచి సున్నా అని సోలాంజ్ గట్టి నమ్మకం.

మొదటి గురువారం అతను రాసుకొచ్చిన పేరు చదివి ఆమె కళ్లజోడు తీసేసింది.

"వెండెల్ గారూ, ఇది చదివితే మీరు రంపాలకు పదును పెట్టడం కాదు, రంపాలే మీకు పెడుతున్నట్టుంది."

"అదీ నిజమేలెండి," అంటూ అతను కుట్లు పడిన బొటనవేలు చూపించాడు.

రెండో వారం 'రంపాల ఆసుపత్రి' అని రాసుకొచ్చాడు. జ్వరం తగిలిన రంపాలన్నీ మీ గుమ్మంలో బారులు తీరతాయి, ముందు మంచాలు వేయించుకోండి అంది. మూడో పేరు ఎంత పొడుగంటే, దాన్ని రాయాలంటే పక్కింటివాళ్ల గోడ కూడా అడిగి తీసుకోవాలి. ఒక్కొక్క కాగితాన్నీ ఆమె ఎర్రగా గీకి పారేసేది. పోయేటప్పుడు అతని చేతిలో తను కాల్చిన చక్కెర రొట్టె ముక్క పెట్టేది. సరైన పేరు మాత్రం చెప్పేది కాదు. మీ అంతట మీరే నేర్చుకోవాలి, అనేది.

నిజానికి ఆ పేరు ఆమెకు మొదటి రోజే తట్టింది. రెండే రెండు మాటలు. చెప్పేస్తే గురువారాలు అయిపోతాయి. భర్త పోయి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో బుధవారం సాయంత్రం పిండి కలుపుతూ కూనిరాగం తీయడం ఆమెకు ఇప్పుడే మళ్లీ వచ్చింది. ఆ మాట ఎవరైనా అంటే మాత్రం ఎర్ర పెన్సిల్ తీసేదే.

జూన్‌లో కూతురు మిరేయ్ వచ్చింది. రాజధానిలో అనువాదాలు చేసే ఉద్యోగం ఆమెది. ఆ గురువారం వెండెల్ పదకొండో కాగితం తెచ్చేసరికి సోలాంజ్ వంటింట్లో చక్కెర రొట్టె కోస్తోంది. తిరిగి వచ్చి చూస్తే కూతురు ఆ కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద రెండు మాటలు రాసేసింది.

"అఫ్యుటాజ్ వెండెల్. పదును పెట్టడం, పక్కన మీ పేరు. అంతే కదమ్మా, దీనికి ఇన్ని నెలలా?"

వెండెల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాలా థాంక్స్ అన్నాడు. రొట్టె ముక్క సగంలోనే వదిలేసి వెళ్లిపోయాడు.

"నిన్నెవరు వేలు పెట్టమన్నారే?" అంది సోలాంజ్.

"ఏం, తప్పు రాశానా?"

"తప్పేం లేదు. అదే నా బాధ."

తర్వాతి గురువారం అతను రాలేదు. కొత్త బోర్డు ఎక్కడం ఆమె కిటికీలోంచి చూసింది. ఆ పై వారమూ రాలేదు. చేసిన రొట్టె రెండుసార్లూ తనే తింది, రుచి లేదని తనే వంక పెట్టింది. మూడో గురువారం పొద్దున, అరవై తొమ్మిదేళ్ల మనిషివి, కిటికీ దగ్గర నీకేం పని అని తనను తనే తిట్టుకుంది. ఆ మధ్యాహ్నం కాఫీ పెట్టి, వంటింటి కత్తి ఒకటి తువ్వాలులో చుట్టుకుని రోడ్డు దాటింది.

కొట్టు తలుపు మూసి ఉంది. పైన కూతురు రాసిన రెండు మాటలూ ఉన్నాయి. తలుపు మీద చిన్న చెక్క ఒకటి కొత్తగా కనిపించింది, రంగు ఇంకా ఆరలేదు. దాని మీద చక్కటి ఫ్రెంచిలో ఇలా ఉంది: గురువారం మధ్యాహ్నాలు కొట్టు ఉండదు. ఎదురింట్లో కాఫీ తాగుతుంటాను. మరీ తొందరైతే అక్కడ తలుపు తట్టండి.

అలవాటు కొద్దీ చెయ్యి పెన్సిల్ కోసం జేబులోకి పోయింది. రెండుసార్లు చదివింది. ఒక్క తప్పూ లేదు. ఆఫీసులో తన కింద పనిచేసినవాళ్లెవరూ ఇంత శుభ్రంగా రాయలేదు. పదకొండు కాగితాలూ, వాటి నిండా అతను కావాలని చేసిన తప్పులూ వరసగా గుర్తొచ్చి ఆమె మొహం వేడెక్కింది.

కొట్టు వెనక నుంచి వెండెల్ వచ్చాడు, చేతిలో కుంచె. ముందు ఆమె చేతిలోని మూటలోంచి కనిపిస్తున్న కత్తి పిడిని చూశాడు.

"ఆ కత్తికి నేను ఈస్టర్ పండక్కే పదును పెట్టానే," అన్నాడు. నలభై ఏళ్లలో మొదటిసారి ఆమెతో ఫ్రెంచిలో మాట్లాడాడు. "పేరు తేలిపోయాక రావడానికి నాకు వంక దొరకలేదండీ. అందుకే ఈ చిన్న బోర్డు రాసి పెట్టుకున్నాను. తప్పులేమైనా ఉన్నాయా?"

సోలాంజ్ పెన్సిల్ జేబులోనే ఉంచేసింది.

"బోలెడున్నాయి," అంది. "అన్నీ దిద్దేసరికి మంచు పడుతుంది. పదండి, కాఫీ చల్లారిపోతోంది."