చల్లని ముల్లు

బంద్ రెండో రోజు మధ్యాహ్నం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో కాకి కూడా లేదు. రోజూ బస్సుల కింద నలిగే రోడ్డు ఎవరో ఊడ్చి ఆరబెట్టినట్టు పడి ఉంది. తెలంగాణ కోసం కాల్చిన టైర్ల నల్లటి మరకల మధ్య మా కారొక్కటే కదులుతోంది.

నా ఒళ్లో ఎనిమిది నెలల జెస్సీ. నిన్నటి నుంచి జ్వరం. పొద్దున్నుంచి కళ్లు తేలేస్తోంది. మా ఆయన విజయ్ డ్యూటీ మీద పోయి నల్గొండలో చిక్కుకున్నాడు. ఆటోల్లేవు, అంబులెన్సుకు ఫోన్ కలవలేదు. మన్సూరాబాద్‌లో మేం కిరాయికుండే ఇంటి ఓనరు ఉదయలక్ష్మి ఆంటీయే, నెలలుగా గేటు లోపల పడి ఉన్న పాత కారు బయటికి తీసింది.

"మాది బెజవాడ నంబరమ్మా ప్రసన్నా. రాళ్లేస్తే?"

"నన్ను ముందట కూసోబెట్టుండ్రి ఆంటీ. ఎవలన్న అడ్డమొస్తే నేను మాట్లాడుత."

"అంటే పూలు నీకూ, రాళ్లు నాకూనా?" అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

కొత్తపేట దాటేసరికి ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్ర గీత వైపు పాకింది. "అయ్యో, నీళ్లు చూసుకోలేదే!" అని ఆంటీ హీటర్ తిప్పింది. "ఇంజను చుట్టూ తిరిగే వేడినీళ్లు ఇటూ వస్తాయట. వేడి కొంత ఇటు లాగేస్తుందని మా వారు చెప్పేవారు." అద్దాలు దించాం. సెగ కాళ్లను కొట్టింది. కొంగుతో పిల్ల మొహం కప్పాను.

కాసేపటికి ముల్లు ఆగింది. తర్వాత వెనక్కి తిరిగింది. మెల్లగా జారి అట్టడుగుకు వెళ్లి పడుకుంది.

"హమ్మయ్య! చల్లబడిపోయింది, చూశావా?"

నేను పాదాల వైపు చూస్తున్నాను. సెగ ఆగిపోయింది. మండే ఎండలో ఆ కారు నా కాళ్ల మీద చల్లగా ఊపిరి వదులుతోంది. ఎక్కడో రంగు కాలుతున్న వాసన. ఎందుకో పిల్ల పాదాలు పట్టుకున్నాను. మంచు. అరచేతులూ మంచే. గౌను కింద పొట్ట మీద చెయ్యి వేశాను. పెనం.

"ఆంటీ, బండి ఆపుండ్రి."

"ఇక్కడా? అదిగో, వాళ్లు కనపడట్లేదూ?" ముందు రోడ్డుకు అడ్డంగా జెండాలు పట్టుకున్న మగవాళ్లు. నినాదాల్లేవు. మమ్మల్నే చూస్తున్నారు. "ముల్లు కిందే ఉందిగా! ఇంకెంత దూరమని?"

"గా ముల్లు నీళ్ల వేడి చెప్తది. నీళ్లే లేకపోతే ఏం చెప్తది? గాలి సల్లగొస్తుంది, సూడుండ్రి. లోపల కాలుతుంది."

ఆంటీ బండి ఆపి తాళం తిప్పి బయటికి లాగింది. ఇంజను ఆగలేదు. లోపలి సెగకే దగ్గుతూ, వణుకుతూ తిరుగుతూనే ఉంది.

"ప్రసన్నా... తాళం నా చేతిలో ఉందే!"

ఇద్దరం దిగిపోయాం. ఆ జెండాలు చూసి ఆంటీ ఫుట్‌పాత్ మీదే నిలబడిపోయింది. నేను పిల్లతో వాళ్లకు ఎదురు నడిచాను.

"యాడికమ్మా?"

"దవాఖానకు, అన్నా. బిడ్డకు పానం బాగలేదు."

దారిచ్చారు. ఒకాయన నా వెనక్కి చూశాడు. "మరి బండ్లె ఎవలున్నరు? నడుస్తుంది గదా."

"ఎవల్లేరన్నా."

దిల్‌సుఖ్‌నగర్ దాకా మూసిన షట్టర్ల మధ్య ఇంజను చప్పుడు నా వెంటే వచ్చింది. ఎక్కడ ఆగిందో తెలియదు.

దవాఖానలో సిస్టర్ పిల్ల చంకలో థర్మామీటర్ పెట్టి తీసింది. "వంద గూడ లేదమ్మా. గింతదానికి గింత పరేషానా? సిరప్ పోసి తీస్కపో."

"అది పక్కన పెట్టు సిస్టరమ్మా. కడుపు ముట్టి చూడు."

"చెప్తున్న గదా..."

"ముట్టి చూడు!"

విసుగ్గా చెయ్యి వేసింది. వెంటనే తీసేసింది. పిల్లను నా చేతుల్లోంచి లాక్కుని లోపలికి పరుగెత్తింది.

సాయంత్రానికి సెలైన్ సీసా ఖాళీ అయింది. జెస్సీ పాదాలు వెచ్చబడ్డాయని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదు. ఆమె వెళ్లాక గౌను ఎత్తి పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాను. వేడి తగ్గి, చెమట పట్టి ఉంది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.