పెనుకొండలో పది నిమిషాలు

మాటిమాటికీ మూత్రం రాకుండా సోలిఫెనసిన్ వేసుకుంటే నాలుక ఎండిపోతుంది. మిరాబెగ్రాన్ వేసుకుంటే బీపీ ఎక్కుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నెల్లాళ్ళు ఒకటి, నెల్లాళ్ళు ఇంకొకటి మింగి చెబుతున్నాను, హిందూపురం–ధర్మవరం బస్సులో కండక్టరు పని చేసే ఆడదానికి రెండూ అచ్చిరాలేదు.

మొదటి మాత్రతో మూత్రం కాస్త ఆగింది, కాదనను. కానీ నోట్లో తడి లేకుండా టికెట్ టికెట్ అని ఎలా అరవడం? తట్టుకోలేక రెండు గుక్కలు తాగితే కథ మళ్ళీ మొదటికొచ్చేది. రెండో మాత్రతో నోరు బాగుంది, బీపీ మాత్రం నూట అరవై. ఈ రెండు నెలల్లో రెండుసార్లు దారిలో బస్సాపించి దిగాను. ఎవరో ఫిర్యాదు చేశారు.

"ఇంకోసారి లేటయితే బస్సు దింపి ఆఫీసులో కూచోబెడతా మాధవమ్మా" అన్నాడు డిపో కంట్రోలరు. పందొమ్మిదేళ్ళ నుంచి ఆ బస్సే నా బతుకు. ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

ఆ కోపంతోనే హిందూపురంలో డాక్టరు కల్పన దగ్గరికి వెళ్ళి, మూడో మందేదైనా ఉంటే రాయమన్నాను.

"డ్యూటీలో నీళ్ళు ఎన్ని తాగుతారు?" అని అడిగిందామె.

"నీళ్ళా? యాడ తాగేది మేడం! పొద్దున కాఫీ తాగి ఎక్కితే, నోరు మరీ ఎండితే తప్ప డ్యూటీ దిగేవరకూ చుక్క ముట్టం. దిగినాక ఒక్కసారే బాటిలు ఎత్తేస్తాం. లేడీ కండక్టర్లం అందరం అంతే."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఈ మాట ముందే చెప్పాల్సింది కదమ్మా!"

"అడిగిందెవరు మేడం?"

నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి మూత్రసంచిని రేపుతుందట. కొంచెం కొంచెంగా తాగుతూ వేళకు దిగితేనే ఏ మాత్రైనా పని చేస్తుందట. బీపీ ఎక్కించే మాత్ర మాన్పించి, మొదటిదే తక్కువ మోతాదులో రాసి, కింద 'ప్రయాణం మధ్యలో పది నిమిషాల విరామం' అని చేర్చింది.

కంట్రోలరు ఆ చీటీ చదివి, "పెనుకొండలో మూడు నిమిషాలే ఉండాది టైము. పైవాళ్ళకు రాస్తా, చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దాం సంగతి నాకు తెలియదా!

మర్నాడు సీసా నింపుకుని దారిపొడుగునా గుక్కగుక్కగా తాగాను. పెనుకొండ రాగానే, "పది నిమిషాలు ఆగుతాది" అని అరిచి, టికెట్ మిషను చంకన పెట్టుకుని దిగాను.

"ఏమప్పా డ్రైవరూ, ఈ యమ్మ కోసం బస్సంతా కాసుకోవాల్నా?" అన్నాడు వెనక సీట్లోంచి ఒకాయన.

డ్రైవరు ఓబుళప్ప ఇంజనే ఆపేశాడు. "మొన్న నువ్వడిగితే రోడ్డు పక్కన ఆపలేదా? కూచో అబ్బా."

బస్టాండు మరుగుదొడ్డి వైపు నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. ఆడవాళ్ళ సీట్లు ఖాళీ. నా వెనకే పదకొండు మంది వస్తున్నారు.

"ధర్మవరం దాకా ఎట్ల బిగబట్టుకోవాల్నో అనుకుంటాంటి తల్లీ. రోజూ ఆపు" అంది ముందున్న అవ్వ.

ఆ రోజు ధర్మవరానికి తొమ్మిది నిమిషాలు లేటు. కారణం రాయమన్నారు. పన్నెండు మంది ఆడవాళ్ళం పెనుకొండలో దిగామని రాసి సంతకం పెట్టాను.